నృత్యరూపకం ఎలా చూడాలి?

ప్రశ్న: మొన్న నృత్యరూపకం చూశాక మనసంతా దానిమీదే ఉంది. ఇంకా ఎక్కడ చూడొచ్చు? ఎలా చూస్తే బాగా అర్థమవుతుంది?
– పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మాఘంలో నల్గొండ జిల్లా చెర్వుగట్టు, కార్తీకంలో మహబూబ్‌నగర్ జిల్లా కురుమూర్తి జాతరలకు వెళ్లేముందు సాంస్కృతిక కార్యక్రమాలు ఏ రోజున్నాయో కనుక్కోండి. ముందు వరుస వద్దు. వేదిక ఎత్తుగా ఉంటే పాదాలు కనబడవు, అడుగులు చూడకపోతే సగం నాట్యం పోయినట్టే. నాలుగైదు వరుసల వెనక, మధ్యలో కూర్చోండి. స్పీకర్ పక్కన అసలొద్దు; మద్దెల మోతలో సాహిత్యం వినబడదు. కథ ముందే తెలుసుకుని వెళ్లండి.

ఆటాపాటలతో కథ చెప్పే తెలంగాణ జానపద నాటకం చిందు యక్షగానం తప్పక చూడండి, మన నేల సొత్తది! పాత్ర తెర వెనక నుంచి వస్తూ తానెవరో పాటలోనే చెప్పుకుంటుంది. ఆ ప్రవేశ దరువు తప్పిపోతే తర్వాత ఎవరెవరో తికమకే. అందుకే అరగంట ముందే చేరుకోండి. ఆట తెల్లవార్లూ సాగొచ్చు, దుప్పటి మరవకండి.