కారంపూడి పండుగ, డల్లాస్ చాప

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. మాది కారంపూడి దగ్గరి పల్లె. ఉద్యోగాల రీత్యా వచ్చి గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడ్డాం. మా అత్తగారింటివారు వీరాచారవంతులు, అంటే పల్నాటి యుద్ధవీరులను కొలిచే ఆచారం ఉన్నవారు. మా బావగారు ఏటా కార్తీక అమావాస్యకు ఇంట్లోని కొణతానికి, అంటే వీరుల ఆయుధానికి, పూజ చేసి కారంపూడి తీసుకువెళ్తారు. మా అబ్బాయి అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. అక్కడ ఉన్న పల్నాటి కుటుంబాలవారు ఈ ఏడాది వీరుల ఉత్సవం తామూ జరుపుకోవాలని అనుకుంటున్నారు. వీరుల గుడి లేనిచోట జరపవచ్చా? అమావాస్య నాడు కాక శనివారం పెట్టుకుంటే తప్పా? ఇంటి కొణతాన్ని పంపమని అబ్బాయి అడుగుతున్నాడు, పంపాలా? ఇది ‘మనవాళ్ల’ పండుగ కనుక మిగతావారిని పిలవనక్కరలేదని అక్కడ కొందరు అంటున్నారట. మీ అభిప్రాయం తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. పిలవనక్కరలేదు అనే మాట పల్నాటి వీరుల పేరు మీద అనకూడని మాట. మాచర్లలో మంత్రి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం చేయించాడని, పుట్టుకతో మాల అయిన కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడని ఇన్ని వందల ఏళ్లుగా పాడుకుంటున్న కథ ఇది. ఆయన కొడుకు బాలచంద్రుడి వెంట తమ్ముళ్లుగా యుద్ధానికి నడిచినవారు ఒక్క కులంవారు కారు. అటువంటి కథకు వారసులమని చెప్పుకుంటూ వాకిట్లో మనిషిని ‘మీరెవరు’ అని నిలదీస్తే, ఆ పండుగకు కారంపూడి పేరు పెట్టుకునే హక్కు మనకు ఉండదు. డల్లాస్‌లో పల్నాడు ఎక్కడో తెలియని శ్రీకాకుళంవారినీ, తెలుగే రాని ఇరుగుపొరుగువారినీ కూడా పిలవమని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.

గుడి లేనిచోట జరపవచ్చా అన్నారు. కారంపూడి ఉత్సవం ఎలా సాగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు జరిగే ఆ ఉత్సవం కారంపూడి ఊరివారు మాత్రమే చేసుకునేది కాదు. ఎప్పుడో తాతముత్తాతల కాలంలో పల్నాడు విడిచి దూరపు జిల్లాలకు, తెలంగాణ ఊళ్లకు చేరిన ఆచారవంతులు ఇంటి ఆయుధాన్ని భుజాన వేసుకుని, నాగులేటి మడుగులో దానికి స్నానం చేయించి, వీరుల గుడి ముందుకు చేరి, పీఠాధిపతి సమక్షంలో నిలబడితేనే అది వీరుల పండుగ అవుతుంది. అంటే ఈ స్మరణ మొదటినుంచీ ఊరు వదిలి వెళ్లినవారి చేతుల్లోనే బతికింది. కథ సంగతి కూడా అంతే. ఓరుగల్లు వీధుల్లో ఒక స్త్రీ పల్నాటి వీరులను ద్విపదలో పాడుతుంటే జనం ఊగిపోయారని ‘క్రీడాభిరామం’ కావ్యం వర్ణిస్తుంది. దాదాపు 600 ఏళ్ల కిందటే ఈ పాట పొలిమేర దాటిపోయిందన్నమాట. కాబట్టి దూరాన ఉన్నవారు తలచుకోవడంలో ఏ దోషమూ లేదు. కాకపోతే ఓరుగల్లులో వారు పాట పాడుకున్నారు గాని, మరో వీరుల గుడి కట్టుకోలేదు. మీ అబ్బాయివారు కూడా పాటను, చాపను తీసుకుని, గుడిని, పీఠాన్ని, మడుగును కారంపూడికే వదిలిపెట్టడం మంచిది.

కొణతాన్ని మాత్రం పంపకండి. విమానంలో ఆయుధాన్ని తీసుకువెళ్లడం ఎంత ఇబ్బందో మీకు తెలుసు, కానీ అంతకంటే పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులు మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని వ్యక్తులు విదేశాలకు తరలించడం నేరం. ఇంట్లో పాత తాళపత్రాలు ఉన్నా అదే జాగ్రత్త అవసరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, నాగులేటి నీళ్లు తగలని కొణతం గోడకు వేలాడే అలంకారంగా మిగులుతుంది. ఆయుధం ఇంట్లో ఉంటే, ఏదో ఒక ఏడు మీ అబ్బాయే వచ్చి దాన్ని భుజాన వేసుకోవలసి ఉంటుంది. ఆ అవసరాన్ని అతనికి మిగల్చండి. కోడిపోరు గురించి మీరు అడగలేదు గాని, ఎవరైనా ఉత్సాహపడవచ్చు కనుక చెబుతున్నాను. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ కోడిపందేలు నిషిద్ధం, మన చట్టమూ ఒప్పదు. ఒక పందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోవలసి వచ్చిందన్న సంగతిని పిల్లల చేత నాటకంగా ఆడించండి, అది చాలు.

ఇక తిథి. అమావాస్యను వదలవద్దు, శనివారాన్నీ వదలవద్దు. కార్తీక అమావాస్య నవంబరు మధ్య నుంచి డిసెంబరు మధ్యలోపు వస్తుంది. ఆ రోజుల్లో డల్లాస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. కారంపూడిలో ఉదయం ఎనిమిదిన్నర అయితే అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిది. కనుక ఇక్కడ ఉత్సవం మొదలయ్యే పూట అక్కడ ఎవరింట్లో వారు దీపం పెట్టి, బావగారితో ఫోనులో మాట్లాడి, ఆయన ఆ క్షణంలో ఎక్కడ నిలబడి ఉన్నారో పిల్లలకు చూపించవచ్చు. అందరూ కలిసే భోజనాన్ని ఆ తరువాతి వారాంతానికి పెట్టుకోవచ్చు. నవంబరు నాలుగో గురువారం వారి థ్యాంక్స్‌గివింగ్ సెలవు కనుక, కొన్ని ఏళ్లలో అమావాస్య దాని దగ్గరగా పడి నాలుగు రోజుల తీరిక కూడా దొరుకుతుంది. అయిదు రోజులూ అక్కడ జరపాలని పట్టుపట్టవద్దు. చేయదగినది మందపోరు నాటిది. వలసలో ఉన్న బ్రహ్మనాయుడి ఆవులమందను కాపాడబోయి లంకన్న ప్రాణం విడిచిన ఘట్టాన్ని తలచుకునే ఆ రోజునే కారంపూడిలో చాపకూడు కూడా పెడతారు. వలసపోయినవారి కథను వలసవెళ్లినవారు చెప్పుకోవడం, తరువాత అందరూ నేల మీద కూర్చుని తినడం ఒక సాయంత్రానికి నిండుగా సరిపోతుంది. బల్లలు, కుర్చీలు వేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పెద్దలకు మోకాళ్ల నొప్పులుంటే వారికి కుర్చీలు వేయండి గాని, మిగతావారిని చాప మీదనే కూర్చోబెట్టండి. వంటలు ఎవరింటివి వారు తెచ్చుకుని ఎవరి వరుసలో వారు తినడం కాక, ఒకే వంట అందరికీ వడ్డించండి. చాపకూడులోని అర్థమంతా ఆ వడ్డనలోనే ఉంది.

పాడేవారి సంగతి కూడా ఒకటి ఉంది. ఈ కథను తరతరాలుగా నోట నిలిపినవారు వీరవిద్యావంతులు. వారిలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు. పండుగకు అద్దెకు తీసుకునే హాలు కోసం, మైకు కోసం అక్కడ ఖర్చయ్యే సొమ్ములో కొంత వారికి సంభావనగా పంపి, ఒక పూట వారు పాడుతుంటే నేరుగా వినే ఏర్పాటు చేసుకుంటే, ఆ కుటుంబాల్లోని కుర్రవాళ్లకు ఈ విద్య నేర్చుకోవాలన్న ఆశ పుడుతుంది. దూరాన ఉన్న అభిమానులు నిజంగా నిలబెట్టగలిగినది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ప్రశ్న: పై విషయానికి దగ్గరి సందేహమే నాదీను. లండన్‌లో ఉన్న మా మనవరాలికి వేసవిలో పల్నాటి కథ చెప్పాను. తొమ్మిదేళ్ల పిల్ల. నాగమ్మ మంత్రి కూడా కదా తాతయ్యా, మరి ఆమెనే ఎందుకు చెడ్డదంటారు అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు. ఏం ఇవ్వమంటారు?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అయ్యా, మీ మనవరాలు అడిగినది మనం చాలాకాలం అడగకుండా దాటవేసిన ప్రశ్న. 12వ శతాబ్దంలో ఒక స్త్రీ గురజాల నలగామరాజు కొలువులో మంత్రిత్వం నెరపి, సేనను నడిపి, ‘నాయకురాలు’ అన్న పేరే ఇంటిపేరంతగా సంపాదించుకున్నది. కథ వీరుల పక్షాన పాడబడింది కనుక ఆమె ఎత్తులన్నీ కుట్రలుగా వినిపిస్తాయి. నలగామరాజుకు అల్లుడైన అలరాజును రాయబారానికి వచ్చినప్పుడు విషం పెట్టి చంపించారన్న నింద చిన్నది కాదు, దాన్ని దాచనక్కరలేదు. అయితే ఆమె ఏ రాజు ఉప్పు తిన్నదో ఆ రాజు రాజ్యం చీలిపోకుండా చూడటం ఆమె పని అని కూడా పిల్లకు చెప్పండి. ఒకే వంశపు అన్నదమ్ముల మధ్య మాచర్ల, గురజాల అని రాజ్యం రెండయింది, ఆ చీలికే కారంపూడి రణరంగానికి దారితీసింది. ఎవరు మంచి, ఎవరు చెడు అన్న తీర్పును ఆ పిల్లకే వదిలిపెట్టండి.

ఇంగ్లీషులో కావాలంటే, జీన్ రోఘేర్ అనే అమెరికన్ పండితుడు పల్నాడు వచ్చి, ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడిన కథను రికార్డు చేసి, అనువదించి, 1982లో పుస్తకంగా వెలువరించారు. అది పెద్దలకు ఉద్దేశించినది కనుక ముందు మీరు చదివి, ఘట్టం ఘట్టంగా ఫోనులో చెప్పండి. తెలుగులో మీకోసమైతే శ్రీనాథుడిదిగా చెప్పే మంజరీ ద్విపద ఉంది. దాన్ని వెలుగులోకి తెచ్చిన అక్కిరాజు ఉమాకాంతం మన గుంటూరు సీమవారే. పిల్లకు తెలుగు చదవడం రాకపోయినా వినడం వచ్చు కదా, ద్విపదలో నాలుగు పాదాలు మీ గొంతుతో రికార్డు చేసి పంపండి. అర్థం తరువాత అడుగుతుంది. వచ్చే కార్తీకంలో సెలవు దొరికితే పిల్లను కారంపూడి తీసుకువెళ్లండి. పై ఉత్తరం రాసిన అమ్మగారి బావగారి వంటివారు అక్కడ వందల్లో కనిపిస్తారు. వారిలో ఎవరినైనా అడగండి, తమ కొణతం ఏ వీరుడిదో చెబుతారు.