చెరువు గట్టు మీద చేసింది సేల్స్ కాదా?

సందేహం: అన్నయ్యా, మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. బీకాం అయ్యాక మూడేళ్లు రొయ్యల మేత కంపెనీలో సేల్స్ చూశాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక మా కంపెనీ మనుషులను తగ్గించింది. అందులో నేనూ పోయాను. అరవై రోజుల విజిట్ వీసా మీద దుబాయ్ వచ్చి 38 రోజులైంది. రెండు వందల చోట్లకు పైగా రెజ్యూమె పంపాను. పిలిచిన నలుగురూ గల్ఫ్ అనుభవం ఉందా అనే అడిగారు. ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసు వాళ్లు మాత్రం వెంటనే చేరమంటున్నారు. జీతం లేదు, కమిషన్ మాత్రమే. వీసా ఖర్చు 6 వేల దిర్హాంలు నేనే పెట్టుకోవాలట. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దు తమ్ముడూ. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చులు యజమానివే. నేరుగా గానీ చాటుగా గానీ ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. 'వీసా సంగతి తర్వాత, ముందు నాలుగు రోజులు వచ్చి పని నేర్చుకో' అంటే దానికీ తల ఊపకు. పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి 2024 సవరణ తర్వాత లక్ష నుంచి పది లక్షల దిర్హాంల జరిమానా ఉంది. దొరికితే నీకూ ఇబ్బందే. కమిషన్ మీద ఇళ్లు అమ్మి బాగా సంపాదించినవాళ్లు నాకు తెలుసు. కానీ వాళ్లందరికీ మొదటి ఆరు నెలలు తిండికీ బెడ్‌స్పేస్ (పంచుకున్న గదిలో ఒక మంచం) అద్దెకూ వేరే దారి ఉండేది. నీకు లేదు.

ఇక నువ్వు పంపిన రెజ్యూమె సంగతి. చదివాక, నిజం చెబుతున్నాను, నాకు నిద్ర వచ్చింది. కష్టపడే స్వభావం, చక్కటి మాటకారితనం, లక్ష్యసాధన పట్ల అంకితభావం. ఈ మూడూ లేవని రాసుకునేవాడు దుబాయ్‌లో ఒక్కడూ ఉండడు. మూడేళ్ల ఉద్యోగాన్ని 'మేత అమ్మకాలు' అని రెండు మాటల్లో తేల్చేశావు. ఎందుకని ఫోనులో అడిగితే ఏమన్నావు? 'చెరువుల మీద తిరిగే ఉద్యోగం కదా అన్నయ్యా, ఇక్కడ అదేం చెబుతాను' అన్నావు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఇదే.

ఆ ఫోనులోనే నువ్వు మామూలుగా చెప్పుకుపోయినవి నేను ఇటు కాగితం మీద రాసుకున్నాను. ఆకివీడు, ఉండి, కాళ్ల మండలాల్లో 70 మంది రైతులు. మేతంతా అరువు మీదే, డబ్బు వచ్చేది రొయ్యలు పట్టిన రోజున. తెల్లవారకముందే బండి మీద చెరువు చేరి, నీళ్లలో దించి ఉంచిన చెక్ ట్రే (మేత చూసే పళ్లెం) పైకి లాగి, వేసిన మేతలో ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూసి, ఈ రోజు మేత తగ్గించమని నువ్వే చెప్పేవాడివి. మేత అమ్మేవాడు మేత తగ్గించమంటే ఆ రైతు మరో కంపెనీ గడప తొక్కుతాడా? రొయ్యలకు తెల్లమచ్చ తెగులు పడిన ఆ చెరువు సంగతి కూడా చెప్పావు. అర్ధరాత్రి హడావుడిగా రొయ్యలు పట్టేస్తుంటే కాటా పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డావు. కొనుగోలుదారు రైతుకు ఇచ్చే డబ్బులోంచి సగం బాకీ అక్కడికక్కడే రాబట్టావు. మిగతా సగానికి రైతు మీద అరవకుండా, తర్వాతి రెండు పంటల్లో తీర్చేలా ఒప్పించావు. ఇది సేల్స్ కాకపోతే మరేమిటి?

ఇక్కడ హోల్‌సేల్ వ్యాపారం నడిచేది అరువు మీదే. కొట్టువాడు సరుకు దింపుకుని అరవై, తొంభై రోజుల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇస్తాడు. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగి వస్తే ఒకప్పుడు నేరుగా పోలీసు కేసే. 2022 జనవరి 2 నుంచి మోసం లాంటివి తప్ప అది సివిల్ వ్యవహారంగా మారింది. పోలీసు భయం పోయిన చోట మనిషి వెళ్లి రాబట్టుకోవలసిందే. అందుకే సేల్స్ మేనేజర్లకు ఆర్డరు తెచ్చేవాడికన్నా డబ్బు తెచ్చేవాడు ముద్దు.

నా అనుభవం ఒకటి. 2007లో ఇక్కడి డేరా ప్రాంతంలో పైపుల ఫిట్టింగులు అమ్మే కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాను. మేనేజరు మలయాళీ. (మలయాళీలు మలయాళీలకే ఉద్యోగాలిస్తారని నువ్వూ అన్నావు. నాకు ఇక్కడ మొదటి జీతం ఇప్పించింది ఆయనే.) నా కాగితాలు చూడనైనా చూడలేదు. 'నీకు ఎవరైనా డబ్బు ఎగ్గొట్టబోయారా? ఏం చేశావు?' అన్నాడు. అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో గుమస్తాగా ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పాను. గుజరాత్‌కు లారీ లోడు పంపితే, కాయ కుళ్లిందని అవతలివాడు మూడో వంతు కోతపెట్టాడు. నేను రైలెక్కి వెళ్లి, అతని గోదాములోనే కూర్చుని, కుళ్లిన కాయలు వేరు చేయించి లెక్కపెట్టాను. అతను చెప్పినదాంట్లో సగం కూడా లేవు. గోదాము కూలీలు మాత్రం ఆ రెండు రోజులూ నన్ను బాగా తిట్టుకుని ఉంటారు. మేనేజరు చాలాసేపు నవ్వి, సోమవారం రమ్మన్నాడు. నాకప్పుడు గల్ఫ్ అనుభవం రెండు వారాలు.

కాబట్టి రెజ్యూమెలో పై మూడు వాక్యాలు కొట్టేసి ఎంతమంది రైతులు, నెలకు ఎన్ని టన్నులు, ఎంత అరువు, అందులో ఎంత వసూలు, ఎన్ని రోజుల్లో అన్నవి రాయి. రూపాయలను దిర్హాంల్లోకి మార్చి కూడా వేయి. అంకె గుర్తులేకపోతే పాత డీలరుకు ఫోను చేసి కనుక్కో. ఊహించి వేయకు. రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

ఎక్కడ వెతకాలో కూడా నువ్వు చూడలేదు. రెండు వందల దరఖాస్తుల్లో బీమా, బ్యాంకు కార్డులు, జిమ్ సభ్యత్వాలు కూడా ఉన్నాయి. హోటళ్లకు గడ్డకట్టించిన రొయ్యలూ చేపలూ సరఫరా చేసే కంపెనీ ఒక్కటీ లేదు! రొయ్యను చేతిలో పట్టుకుని కౌంటు (తూకానికి ఎన్ని రొయ్యలో) చెప్పగలిగినవాడివి నువ్వు. అయితే ఒక జాగ్రత్త. మన చెరువు దగ్గర కౌంటు కిలోకు, తలతో సహా. ఇక్కడ చాలా పెట్టెల మీద 21-25, 26-30 అని ఉండేది పౌండుకు లెక్క. రొయ్య మీద ఉండే మంచు పొర, అంటే గ్లేజింగ్ గురించీ తెలుసుకుని వెళ్లు. 20 శాతం గ్లేజింగ్ ఉన్న కిలో ప్యాకెట్టు కరిగితే లోపల రొయ్య 800 గ్రాములే. షెఫ్‌లు మొదట తగువు పెట్టుకునేది దాని మీదే. ఒక ఉదయం డేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్‌కు వెళ్లి ధరలు రాసుకో, పెట్టెల మీద ఉన్న దిగుమతి కంపెనీల పేర్లు రాసుకో. ఆ పేర్ల జాబితాతో మొదలుపెట్టు.

వ్యాన్ సేల్స్ (వ్యాన్‌లో సరుకు వేసుకుని కొట్ల వెంట తిరిగి అమ్మే) ఉద్యోగాలకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు కావాలి. మనది నేరుగా చెల్లదు. తరగతులు, పరీక్ష, వేల దిర్హాంల ఖర్చు. ఇప్పుడు దాని జోలికి పోకు. లైసెన్సు లేకుండా చేరగలిగేది మర్చండైజర్ పని. సూపర్ మార్కెట్ అరల్లో సరుకు సర్దే పనే, కానీ అలా చేరి ఏడాదిలో సేల్స్‌లోకి మారినవాళ్లు మా కంపెనీలోనే ముగ్గురున్నారు. ఏ కంపెనీలో ఖాళీ పడిందో అందరికన్నా ముందు తెలిసేది వ్యాన్ డ్రైవర్లకు. పొద్దున కిరాణా కొట్ల ముందు సరుకు దింపుతుంటారు. వెళ్లి సాయం పట్టి, టీ తాగుతూ అడుగు. హిందీ తడబడినా ఫరవాలేదు, నోరు విప్పు.

నీకు ఇంకా 22 రోజులున్నాయి. గడువు దాటితే రోజుకు 50 దిర్హాంలు పడుతుంది. అందుకని తిరుగు టికెట్ ఇప్పుడే చేసిపెట్టుకో, తేదీ మార్చుకునే వీలున్నది. ఎవరైనా ఉద్యోగం ఇస్తామంటే కాగితం మీద జీతం చూసి, ఆ ఆఫర్ లెటర్ ఇక్కడి కార్మిక మంత్రిత్వ శాఖలో నమోదైందో లేదో సరిచూసుకున్నాకే సంతకం పెట్టు. పాస్‌పోర్టు మాత్రం ఎవరి సొరుగులోనూ పెట్టనివ్వకు.

మార్చిన రెజ్యూమె శుక్రవారంలోగా పంపు. మధ్యాహ్నం నుంచి నాకు సెలవే, చూసి ఫోను చేస్తాను. ఆ తెల్లమచ్చ చెరువు బాకీ మొత్తం ఎంతో మాత్రం మర్చిపోకుండా రాయి.