నాలుగడుగుల ప్లైవుడ్డు దారి

పందిరి కబుర్లు
(పాలకొల్లు దగ్గర ముప్పయ్యేళ్ళుగా షామియానా కొట్టు నడుపుతున్న మన మిత్రుడు, కుడికాలికి క్యాలిపర్, అంటే ఊతమిచ్చే పట్టీల చట్రం, వేసుకుని నడిచే మనిషి, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా ఊళ్ళో ఏటా సంక్రాంతికి హైస్కూలు మైదానంలో మూడు రాత్రులు నాటకాలు వేయిస్తాం. పోయినేడు పర్యావరణానికి హాని లేకుండా చేద్దామని బళ్ళన్నీ కాలవ వంతెన దగ్గరే ఆపించాం. నీళ్ళ బాటిళ్ళు మానేశాం. నేలంతా కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. అందరూ మెచ్చుకున్నారు గానీ, చక్రాల కుర్చీలో వచ్చిన ఒకాయన వంతెన దగ్గర్నుంచే తిరిగి వెళ్ళిపోయాడు. ఈసారి కమిటీలో కొందరు, "పర్యావరణమైనా చూడాలి, వికలాంగుల్నైనా చూడాలి, రెండూ మనవల్ల కాదు, అయినా వచ్చేది ఒక్కడేగా" అంటున్నారు. ఏం చేయమంటారు?
– కార్యదర్శి, అమలాపురం దగ్గర ఒక పల్లె

జవాబు: కార్యదర్శి గారూ, ముందు ఆ "ఒక్కడి" లెక్క తేల్చుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 2.21 మంది వైకల్యం ఉన్నవాళ్ళు. మీ ఊరి జనాభా 5000 అనుకుంటే 110 మంది. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది కాబట్టి ఇంకా ఎక్కువే ఉంటారు. వంతెన దాకా వచ్చినవాడు ఒక్కడు. మిగతా వాళ్ళు గుమ్మం కూడా దిగలేదు, అంతే తేడా.

బళ్ళు ఆపడం మంచి పనేనండి. చాలా పెద్ద వేడుకల్లో పర్యావరణానికి పెద్ద దెబ్బ జనం రాకపోకలకు కాలే పెట్రోలే. కానీ ఆపిన చోట మూడు చక్రాల బండికీ, ముసలాళ్ళని తెచ్చిన ఆటోకీ దారి వదలాలి. వంతెన నుంచి మైదానానికి ఒక బ్యాటరీ ఆటో తిప్పండి. వాడికిచ్చే కిరాయి మీ పూలదండల ఖర్చులో నాలుగోవంతు కూడా ఉండదు.

ఇక ఆ పీచు పట్టాలు. చూడ్డానికి కోనసీమ ముచ్చటే గానీ చక్రాల కుర్చీకి ముందుండే చక్రాలు చిన్నవి, పీచులో దిగబడి అడ్డం తిరుగుతాయి. నా బూటుకీ అదే గతి. ఒక పెళ్ళిలో పట్టా అంచు తగులుకుని పాయసం గిన్నెతో సహా వియ్యపురాలి కాళ్ళ మీద పడ్డాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

అప్పట్నుంచి నా పద్ధతి ఒకటే. డ్యాన్సు ఫ్లోరుకని కొన్న ప్లైవుడ్డు షీట్లున్నాయి, ఒక్కోటి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. గేటు నుంచి స్టేజీ దాకా, అక్కణ్ణుంచి మరుగుదొడ్డి దాకా వరసగా పరిపిస్తాను. పదిహేను షీట్లకి 120 అడుగుల దారి వస్తుంది. నాలుగడుగుల వెడల్పు చాలు, కుర్చీ పోతుంటే పక్కన మనిషి ఒదిగి నిలబడొచ్చు. రెండు షీట్లు కలిసే చోట కింద చెక్క పట్టీ వేసి బిగించాలి, లేకపోతే ఒండ్రు నేలలో ఒక అంచు దిగి రెండోది లేస్తుంది, ఆ అరంగుళమే మనిషిని పడేస్తుంది. ఇంకోటి, సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటితే మంచు పడి ప్లైవుడ్డు సబ్బుబిళ్ళలా జారుతుంది. అందుకని పెయింటులో ఇసక కలిపి ఒక కోటింగు వేయించాను. ఆ షీట్లే ఆరేళ్ళుగా తిరుగుతున్నాయి. మా వాళ్ళు ముక్కలు కోసి పరిచి, తెల్లారేసరికి చింపి పారేసే గ్రీన్ కార్పెట్టు ఉందే, అది రంగులోనే పచ్చనండి, ఒట్టి ప్లాస్టిక్కు.

స్టేజీ సంగతి. ఎత్తు ఒక అడుగైతే ర్యాంపు 12 అడుగులుండాలి. మీ స్టేజీ మూడడుగులనుకుంటే 36 అడుగుల ర్యాంపు. ఆరడుగుల చెక్క వాల్చి ర్యాంపు అంటే అది జారుడుబల్ల. స్టేజీనే అడుగున్నరకి దించండి. ముందు వరసల వాళ్ళని చాపల మీద కూర్చోబెట్టి, కుర్చీలు వెనక వేయండి, అందరికీ కనిపిస్తుంది. ర్యాంపు 18 అడుగులకొచ్చేస్తుంది, కర్రలు తగ్గుతాయి, లారీ ట్రిప్పు తగ్గుతుంది. ఎక్కేది ప్రేక్షకుడే అనుకోకండి. నన్నొకసారి సన్మానానికి పిలిచి, మెట్లెక్కలేనని నలుగురు కుర్రాళ్ళు ధాన్యం బస్తాలా ఎత్తి పైన పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు. శాలువా ఏ రంగుదో కూడా నాకు గుర్తులేదు. దివ్యాంగుడనండి, వికలాంగుడనండి, ఎలా పిలిచినా నాకు పట్టింపు లేదు, మెట్టు లేని చోటికి పిలవండి చాలు.

అద్దెకి తెచ్చే బండి మరుగుదొడ్లకి రెండు మూడు ఎత్తు మెట్లుంటాయి. చాలా స్కూళ్ళలో ర్యాంపు ఉన్న మరుగుదొడ్డి ఒకటి కట్టే ఉంటుంది, తాళం వేసి. చీపుర్లూ విరిగిన బల్లలూ అందులోనే దాస్తారు. నాటకాలకి వారం ముందే హెడ్‌మాస్టారి దగ్గర తాళంచెవి తీసుకుని, కడిగించి, లైటు పెట్టించండి.

కరెంటు మాట రెండు ముక్కల్లో. వెయ్యి వాట్ల హాలోజన్ ఇచ్చే వెలుగు దాదాపుగా నూటయాభై వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. పది దీపాలు మారిస్తే జనరేటరు అవసరమే ఉండకపోవచ్చు. లీటరు డీజిలు కాలితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు. ఆ జనరేటరు రొద పోతే వినికిడి మిషను పెట్టుకున్నవాళ్ళకి పద్యం వినపడుతుంది.

సంజ్ఞా భాషలో చెప్పే మనిషిని పెట్టుకుంటే స్క్రిప్టు పది రోజుల ముందే ఇవ్వండి, ఆ మనిషి మీద ఒక దీపం ఆరకుండా ఉంచండి. పద్యమైపోయాక నటుడు రెండు నిమిషాలు రాగం తీసి, జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ తీస్తాడు. ఆ చేతులు పాపం ఏం చేయాలి? ఒక చోట చూశాను, ఆ అమ్మాయి అరచేతిని గోదారి అలలా అలా అలా పోనిచ్చింది. ముందు వరసలోని బధిరులు నవ్వుతూ చేతులు పైకెత్తి ఆడించారు, వాళ్ళ చప్పట్లు అవే.

చివరికి, టైము. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం రాత్రి పది దాటితే బయట మైకు కూడదు. పండగలకి ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు. మీరు ఆరింటికే మొదలెట్టి పదింటికి ముగించండి. తెల్లవార్లూ ఆడితేనే నాటకమనే పెద్దలు తిడతారు, తిట్టనివ్వండి. పదింటికైతే ఇంటికెళ్ళడానికి ఆటో దొరుకుతుంది.

ప్రశ్న: మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి. స్ట్రా లేకుండా తాగలేడు. మా కాలేజీ ఉత్సవంలో ప్లాస్టిక్ స్ట్రాలు తీసేశారు. అడిగితే నన్ను పర్యావరణ ద్రోహిలా చూశారు.
– విద్యార్థిని, భీమవరం

జవాబు: నువ్వు ద్రోహివి కాదమ్మా. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం, అది నిజం. కాగితపు స్ట్రా వేడి టీలో నానిపోతుంది, స్టీలుది కాలుతుంది, దవడ బిగుసుకుంటే పళ్ళకి తగులుతుంది. మెత్తటి సిలికాన్ స్ట్రా కడిగి మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. దాన్ని నువ్వు సంచిలో మోసుకెళ్ళడం కాదు, స్టాలు వాళ్ళే నాలుగు మరిగించి ఉంచాలి. చిన్నప్పుడు మేం బొప్పాయి కాడతో బుడగలూదేవాళ్ళం గానీ, పాలు కారే కాడ నోట్లో పెట్టుకోమని ఎవరికీ చెప్పను.

ప్రశ్న: నాకు చూపు లేదు. నాటకమంటే ప్రాణం. పందిట్లోకెళ్తే తాళ్ళు తగిలి పడుతున్నాను. కాగితం ఆదా అని కరపత్రం కూడా సెల్‌ఫోన్లో స్కాన్ చేసుకోమంటున్నారు.
– రిటైర్డ్ టీచరు, నరసాపురం

జవాబు: మాస్టారూ, తాళ్ళ తప్పు మాదే. షామియానా తాడు ఏటవాలుగా వస్తుంది, మీ కర్ర కింద తడుముతుంటే తాడు పైన ఛాతీకి తగులుతుంది. దారి పక్క తాళ్ళన్నిటికీ అడ్డంగా వెదురు బొంగు ఒకటి కింద కట్టిస్తే మీ చేతికర్రకి ముందే తెలుస్తుంది. కరపత్రాలు పది అచ్చేసి గేటు దగ్గర చదివి వినిపించే కుర్రాణ్ణి పెడితే కాగితమూ మిగులుతుంది.

ఇంకోటి అడగండి. తెర లేవకముందు గ్రీన్‌రూములోకి తీసుకెళ్ళి కిరీటాలూ ఆయుధాలూ తడిమి చూడనివ్వమనండి. మా ఊళ్ళో ఒక మాస్టారికి అలాగే భీముడి గద చేతికిచ్చాం. థర్మాకోలు కూడదని ఎండిన ఆనపబుర్రకి కాగితాలు అతికించి చేసిన గద అది. వేలితో టకటకా కొట్టి చూసి, "నిన్న రాత్రి దుర్యోధనుడి తొడ డోలక్కులా మోగిందేవిటా అనుకున్నాను" అన్నారు.