నడిపివాడికి విడిగా కొంత సమయం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి నడిపి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం చదివాను. తొమ్మిదేళ్ల పెద్దవాడి చదువుతో, మూడేళ్ల చిన్నదాని అల్లరితో ఊపిరి సలపడం లేదనీ, ఆరేళ్ల నడిపివాడు మాత్రం ఏ పేచీ పెట్టడు గనుక వాడి గురించి దిగులు లేదనీ వ్రాశావు. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. ముగ్గురు అన్నదమ్ములలో నడిపివాడిగా పెరిగి, ముగ్గురు బిడ్డలను పెంచి, వారిలో రెండవ బిడ్డ విషయంలో పొరపాటు చేసినవాణ్ణి గనుక, పేచీ పెట్టనంత మాత్రాన వాడికి లోటు లేదనుకోవద్దని నీకు ఇప్పుడే చెప్పాలనిపించింది.

ముందుగా ఒక అపోహ తీరుస్తాను. నడిపి పిల్లలు మొండిగా తయారవుతారనీ, అసూయపడతారనీ అనే మాటలు మనసులో పెట్టుకోకు. పుట్టిన క్రమం స్వభావాన్ని మలుస్తుందన్న ఆలోచనకు మనస్తత్వశాస్త్రంలో పెద్ద ప్రచారం తెచ్చిన వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ కూడా తన ఇంట్లో రెండవ సంతానమే. అయితే అమెరికా, బ్రిటన్, జర్మనీలలో సుమారు 20,000 మంది వివరాలను పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించిన పరిశోధకులకు, కలుపుగోలుతనం, మనోనిబ్బరం, బాధ్యత వంటి గుణాల మీద ఆ క్రమం ప్రభావం దాదాపు ఏమీ కనిపించలేదు. కాబట్టి వాడి గుణం గురించి భయపడకు. నేను చెప్పదలచినది వాడి వాటాకు వచ్చే నీ సమయం గురించి.

ఒక లెక్క వేసి చూడు. మీ ఇంట్లోలాగే మూడేసి ఏళ్ల ఎడం ఉన్న ముగ్గురు పిల్లలు ఒక్కొక్కరు పద్దెనిమిదేళ్లు ఇంట్లో ఉంటారనుకుందాం. తల్లి ఏనాడూ పక్షపాతం చూపకుండా, ఇంట్లో ఉన్న పిల్లలందరికీ తన ధ్యాసను సమానంగానే పంచుతుందనుకుందాం. పెద్దవాడికి మొదటి మూడేళ్లూ, చిన్నదానికి చివరి మూడేళ్లూ తల్లి పూర్తిగా దక్కుతుంది. అన్నీ కూడితే వాళ్లిద్దరి వాటా ఎనిమిదిన్నర ఏళ్లు, నడిపివాడిది ఏడేళ్లు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, తల్లి తన ఒక్కడికే దక్కిన రోజు వాడి బాల్యంలో ఒక్కటీ ఉండదు. ఏ రోజుకారోజు సమానంగా పంచినా మొత్తం మీద నడిపి పిల్లలకే తక్కువ పడుతుందని 2002లో కొందరు పరిశోధకులు కూడా ఇలాగే విడమరచి చూపారు. ఇందులో నీ తప్పు లేదు. కాని ఆ లోటును పూడ్చడం నీ చేతిలోనే ఉంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మోకాలికి సెగగడ్డ లేచి, కట్టు మార్పించడానికి అమ్మ నన్నొక్కణ్ణే బస్సులో వైద్యుడి దగ్గరకు నాలుగైదుసార్లు తీసుకెళ్లింది. కిటికీ పక్క సీటు నాకిచ్చి, కాలు తన ఒడిలో పెట్టుకుని, బయట ఏం కనబడుతున్నాయో చెప్పమని అడిగేది. వైద్యుడు పుండు మానిందని చెప్పిన రోజు నేను ఏడ్చాను. నొప్పి వల్ల అనుకుని అమ్మ మోకాలు నిమిరింది.

బాలకాండలోని శునశ్శేపుడి కథ నీకు తెలిసే ఉంటుంది. యాగపశువు కోసం రాజు వచ్చి అడిగినప్పుడు పెద్దవాణ్ణి ఇవ్వనని తండ్రి అంటాడు, చిన్నవాణ్ణి ఇవ్వనని తల్లి అంటుంది. అయితే అమ్ముడుపోయింది మధ్యవాడినైన నేనేనన్నమాట అని శునశ్శేపుడే లేచి రాజు వెంట బయలుదేరుతాడు. అతణ్ణి ఇస్తామని ఎవరూ అనలేదు. తన పేరు ఎవరూ ఎత్తకపోవడాన్ని బట్టే అతడు అర్థం చేసుకున్నాడు. నడిపి పిల్లలు చాలా సంగతులను ఇలాగే గ్రహిస్తారమ్మా.

ఇవన్నీ తెలిసి కూడా నేను తప్పు చేశాను. మా రెండవ అమ్మాయి బాగా చదివేది గనుక దాని ప్రోగ్రెస్ కార్డు కింద సంతకం పెట్టి ఇచ్చేసేవాణ్ణి. పెళ్లయ్యాక ఒకనాడు అది కోపమేమీ లేకుండా, "మీరు సంతకం చేసేవారు గాని ఎప్పుడూ చదవలేదు నాన్నా" అంది. నేను ఏ జవాబూ చెప్పలేకపోయాను.

అందుకని వారంలో ఒక రోజు, ఒక వేళ నిర్ణయించి, అరగంటైనా వాడితో ఒంటరిగా గడుపు. తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటే అది ఎన్నటికీ దొరకదు; రోజు ముందే తెలిస్తే వాడు ఎదురుచూస్తాడు, ఆ ఎదురుచూపు కూడా వాడి సొంతమే. ఆ అరగంటలో చదువు గురించి అడగవద్దు, బుద్ధులు చెప్పవద్దు, అన్న ప్రసక్తి తేవద్దు.

మరొకటి, ఇది చాలా ఇళ్లలో జరిగేదే. చెల్లెలితో తగవు వస్తే "నువ్వు పెద్దవాడివి, ఇచ్చెయ్యి" అనీ, అన్నతో తగవు వస్తే "వాడు పెద్దవాడు, నువ్వు తగ్గు" అనీ అంటాం. పొద్దున పెద్దవాడై, సాయంత్రానికి చిన్నవాడై, రెండుసార్లూ వదులుకున్నది వాడే అవుతాడు. తగవులో వయసు మాట ఎత్తకుండా, ఆ వస్తువు ఎవరి చేతిలో ఉందో, ఎవరు లాక్కున్నారో అంతవరకే విచారించు. ఆ ఇద్దరి మధ్య రాయబారాలకు కూడా వాణ్ణి పంపకు; మా అన్నదమ్ముల మధ్య ఆ పని చిన్ననాడే నా మీద పడి, యాభై ఏళ్లు దాటేదాకా దిగలేదు. అన్న విడిచిన చొక్కాలు తొడిగితే తొడుగు, కాని ఏదో ఒకటి వాడి కోసమే కొను.

మొదటి రెండు మూడు వారాలు వాడు నీ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకపోవచ్చు, అన్నను కూడా పిలుద్దామని తనే అనవచ్చు. అప్పుడు "ఇది మనిద్దరి వేళ" అని మాత్రం చెప్పి, వాడి పక్కనే కూర్చో. నెల గడిచాక వాడేం మాట్లాడాడో నాకు వ్రాయి.

ఇట్లు,
నీ నడిపి పెదనాన్న