సంకరా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోను ఏలిన సైనికాధికారి థామస్ సంకరా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష బాగుంది. అయితే మనిషి కనబడలేదు నాకు, దండ వేసిన పటం కనబడింది.

నాకూ ఉండేది ఈ రోగం. మా ఊళ్లో ఒక పెద్దాయన పోతే సంస్మరణ సంచికకి చదివినవాళ్లు ఏడ్చేలా రాసిచ్చాను. వాళ్లావిడ అంతా చదివి, "బాగుంది బాబూ, ఇంతకీ ఇది ఎవరి గురించి?" అంది.

రెనో 5 సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావేం? 1983 ఆగస్టు 4న తిరుగుబాటుతో గద్దెనెక్కేనాటికి ఆ కెప్టెన్‌కి 33 ఏళ్లు. సర్కారు మెర్సిడెస్‌లు అమ్మించేసి, చవక కారైన రెనో 5ని మంత్రులకిచ్చాడు. మోకాళ్లు ముడుచుకుని అందులో కూర్చున్న మంత్రిగారి మొహం ఎలా ఉండి ఉంటుంది? ఊహించు, తప్పులేదు. చూసొచ్చినట్టు మాత్రం రాయకు. అంతకు రెండేళ్ల ముందు సమాచార శాఖ చూస్తున్నప్పుడు ఆఫీసుకి సైకిలు తొక్కుకుంటూ వెళ్లినవాడు కదా, ఆ సైకిలు కూడా పెట్టు.

పిల్లలకు టీకాల గురించి పేజీ నిండా రాశావు. రెండు వారాల్లో దాదాపు 25 లక్షల మందికి వేయించడం మాటలు కాదు, ఒప్పుకుంటాను. మరి అదే 1984లో సమ్మె చేశారని వెయ్యిమందికి పైగా టీచర్లను పీకేశాడే, వాళ్లేరి? వాళ్ల చోట హడావిడిగా తయారుచేసిన కొత్తవాళ్లను నిలబెట్టారు. టీకా వేయించుకుని బడికెళ్లిన పిల్లవాడికి రోజూ చెప్పే పంతులు లేడన్నమాట. నీకు సంకరా అంటే ఇష్టం, నాకూ ఇష్టమే. అందుకే ఆ పంతుళ్లు ఉండాలంటున్నాను.

సంకరా సహచరుడు బ్లేజ్ కంపావొరేని మూడుచోట్ల "ద్రోహి" అన్నావు. మూడూ కొట్టెయ్. 1983లో సంకరాను నిర్బంధిస్తే, పో పట్టణం నుంచి కమాండోలతో రాజధాని వాగడూగు మీదికి కదిలి, గద్దెనెక్కించినవాడు అతనే. 1987 అక్టోబరు 15న సంకరాను, మరో 12 మందిని కాల్చి చంపాక ఆ గద్దెమీద 27 ఏళ్లు కూర్చున్నవాడూ అతనే. మరణపత్రంలో "సహజ మరణం" అని రాశారు. 2022లో కోర్టు అతని పరోక్షంలోనే యావజ్జీవం వేసింది. ఇవి పక్కపక్కన పెట్టి ఊరుకో, ఆ మాటేదో చదివేవాడే అనుకుంటాడు.

సంక్రాంతికి వస్తావుగా, తిరగరాసింది తెచ్చుకో. ముందు టీచర్ల పేరా చూస్తాను.

మీ అన్నయ్య