‘తేలేదా?’ అని అడిగితే ‘యస్’ అనాలా, ‘నో’ అనాలా?

సందేహం: పరకాల దగ్గర ఒక సర్కారు బడిలో ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయురాలు రాశారు: “నా దగ్గర చదువుకున్న అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయింది. ‘డిడంట్ యూ బ్రింగ్ యువర్ సర్టిఫికెట్స్?’ అని అడిగితే ‘యస్ సర్’ అన్నది. తేలేదని ఒప్పుకున్నాననే అనుకుంది. వాళ్ళేమో ‘ఏవీ, ఇవ్వు’ అని చేయి చాపారు. పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. మన ‘అవును’ ఇంగ్లిష్‌లో ‘యస్’ కాదా? ఇంకొకటి. ‘డిడ్ నాట్ వెంట్’ అనే తప్పు ఎన్నిసార్లు దిద్దినా మా పిల్లలు మానడం లేదు. ఎట్లా చెప్పాలి?”

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్లతో ఒక మాట చెప్పండి. ఆమె అబద్ధమాడలేదు, ఆమెకు తెలివి తక్కువా కాదు. తెలుగులో నూటికి నూరుపాళ్ళు సరైన జవాబునే ఇంగ్లిష్ మాటతో చెప్పింది.

హనుమకొండలో మా వీధి చివర కిరాణా కొట్టు ఉంది. పొద్దున పాల ప్యాకెట్ల కోసం పోయినవాళ్ళు ఖాళీ ట్రేలు చూసి “పాలు రాలేదా?” అంటారు. కొట్టాయన తలెత్తకుండానే “ఆఁ, రాలే” అంటాడు. ఆ “ఆఁ” పాల గురించి కాదు, అడిగినవాళ్ళ గురించి. ‘నువ్వు అనుకున్నది నిజమే’ అని ఒప్పుకోవడం. పాలు వచ్చి ఉంటే “ఎందుకు రాలే, వచ్చినయ్” అంటాడు. మన ‘అవును’ అడిగినవాడి మాటకు తోడు పోతుంది, మన ‘కాదు’ ఆ మాటకు ఎదురు పోతుంది. జపాను భాషలోనూ ఇదే పద్ధతి.

ఇంగ్లిష్ ‘యస్’, ‘నో’ అడిగినవాడిని పట్టించుకోవు. అవి జరిగిన పనినే చూస్తాయి. తెచ్చి ఉంటే ‘యస్’, తేకుంటే ‘నో’. ప్రశ్న ‘తెచ్చావా’ అని ఉన్నా, ‘తేలేదా’ అని ఉన్నా జవాబు మారదు. కాబట్టి ఆ అమ్మాయి ‘నో సర్, ఐ డిడంట్’ అనాల్సింది. పిల్లలకు నేను చెప్పే కిటుకు ఒకటే. ప్రశ్నలో ఉన్న ‘నాట్’ను చెవిన పడనట్టే వదిలేయండి. ‘తెచ్చావా?’ అని అడిగినట్టే అనుకుని జవాబు చెప్పండి. ‘యస్’ వెనక ‘నాట్’ రాకూడదు, ‘నో’ వెనక ‘నాట్’ రావాలి. ‘యస్, ఐ డిడంట్’ అనే మాట ఇంగ్లిష్‌వాళ్ళ చెవికి ‘వచ్చాడు, రాలేదు’ అన్నట్టు వినిపిస్తుంది.

ఇంగ్లిష్ మొదటినుంచీ ఇట్లా లేదు. ఒకప్పుడు ఆ భాషలో జవాబుకు రెండు కాదు, నాలుగు మాటలు ఉండేవి. మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’. వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకు ‘యస్’, ‘నో’. బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన టిండేల్ ‘నే’ రాయాల్సిన చోట ‘నో’ రాశాడని 1532లో ఇంగ్లండ్ పండితుడు థామస్ మోర్ గట్టిగా తప్పుపట్టాడు. ఆ తర్వాత ఈ తేడా చెరిగిపోయి రెండే మిగిలాయి. అంటే మన పిల్లలు తికమకపడే చోటనే ఒకప్పుడు వాళ్ళ పండితులూ కొట్లాడుకున్నారు. క్లాసులో ఈ సంగతి చెప్పండి, పిల్లల భయం సగం తగ్గుతుంది.

ఇక ‘డిడ్ నాట్ వెంట్’. దీన్ని ఇంగ్లిష్ వ్యాకరణంతో దిద్దకండి, తెలుగుతోనే దిద్దండి. ‘వాడు పోయిండు’ అనే వాక్యాన్ని లేదన్నట్టు చెప్పమనండి. ‘వాడు పోలే’ అంటారు, ‘పోలేదు’ అంటారు. ‘పోయిండు లేదు’ అని ఏ పిల్లవాడూ అనడు. ఎందుకు అనడు? ‘లేదు’ వచ్చి చేరగానే ‘పోయిండు’లోని జరిగిపోయిన కాలం, వాడు అనే గుర్తు రెండూ రాలిపోయి, ఒట్టి ‘పో’ మిగులుతుంది. కాలం బరువంతా ‘లేదు’ మోస్తుంది. ఇంగ్లిష్‌లో జరిగేదీ అదే. ‘డిడ్ నాట్’ రాగానే ‘వెంట్’ తన కాలాన్ని ‘డిడ్’ చేతికిచ్చి ఒట్టి ‘గో’గా నిలబడుతుంది. బోర్డు మీద పైన ‘పోయిండు – పో లేదు’ అని, దాని కిందనే ‘వెంట్ – డిడ్ నాట్ గో’ అని రాయండి. ‘డిడ్ నాట్ వెంట్’ అన్న పిల్లవాడితో ‘అయితే పోయిండు లేదు అను’ అనండి. వాడే నవ్వి దిద్దుకుంటాడు. ‘డజ్ నాట్ గోస్’ అనే తప్పుకూ మందు ఇదే. చివరి ‘స్’ అనే చప్పుడు ‘డజ్’ ఇంటికి ఎప్పుడో చేరిపోయింది.

ఆ ‘డు’ సాయం కూడా పాతదేమీ కాదు. నాలుగు వందల ఏళ్ళ కింద ‘నాకు తెలియదు’ అనడానికి ‘ఐ నో నాట్’ అనేవాళ్ళు. ఈ ‘నో’ కాదనే మాట కాదు, ‘తెలుసు’ అనే క్రియ. దాని వెనకనే ‘నాట్’. తర్వాత తర్వాత ‘నాట్’కు ముందొక ఆసరా కావాల్సి వచ్చింది. ‘ఈజ్’, ‘కెన్’, ‘విల్’ లాంటివి వాక్యంలో ఉంటే వాటిని పట్టుకుంటుంది, ఏమీ లేకుంటే ‘డు’ను తెచ్చుకుంటుంది. తెలుగుకు ఈ అవసరం లేదు. ‘చేస్తడు’కు ఎదురు మాట ‘చెయ్యడు’. ఇందులో ‘నాట్’ ఎక్కడుందో వేలు పెట్టి చూపండి చూద్దాం. పాలలో చక్కెరలా కరిగిపోయింది. అందుకే మన పిల్లలకు ‘నాట్’ను విడిగా నిలబెట్టడం కష్టమవుతుంది.

మీరు అడగకపోయినా దీనికి చుట్టమైన ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో ఒక్క ‘నాట్’ ఉన్నచోట మనకు ‘లేదు’, ‘కాదు’ రెండున్నాయి. ‘నేను ఇంట్లో లేను’, ‘నేను టీచర్ని కాను’. రెండింటికీ వాళ్ళు ‘ఐ యామ్ నాట్’ అనేస్తారు. ఉండడాన్ని కాదనేది ‘లేదు’, ఫలానా అని చెప్పడాన్ని కాదనేది ‘కాదు’. మన పాలకుర్తి పక్కనున్న బమ్మెర పోతన గజేంద్రుడి నోట ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అనిపించాడు. అక్కడ ‘కాడో’ అని పెట్టి చదవండి, ఏనుగు బాధంతా ఆవిరైపోతుంది. దేవుడు అవునా కాదా అన్నది దాని ప్రశ్న కాదు, ఉన్నాడా లేడా అన్నదే. ఈ తేడా ఇంగ్లిష్‌లోకి పోయేటప్పుడు కలిసిపోతుంది కాబట్టి అటువైపు ఇబ్బంది లేదు. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదించే పిల్లలే జాగ్రత్తగా ఉండాలి.

తెలుగు తేడా చూపని చోటు కూడా ఒకటుంది. ‘అమ్మ రాలేదు’ అని రాస్తే రాకపోవడమా, రావడం చేతకాకపోవడమా? రాతలో రెండూ అవుతాయి. తమ్ముడైతే ‘రాలేదు’, ‘రాలేడు’ అని విడిపోతాయి. మనవైపు మాటలో ఈ గొడవ తక్కువ. ‘అమ్మ రాలే’ అంటే రాకపోవడమే. చేతకాకుంటే ‘అమ్మతోని కాదు’ అంటాం. ఇంగ్లిష్‌లోకి మార్చేముందు ‘డిడ్ నాట్’ కావాలా, ‘కెనాట్’ కావాలా అని పిల్లలతో అడిగించండి.

‘ఎవరూ రాలేదు’ గురించి రెండు మాటలు. ఇక్కడ ‘ఎవరూ’ ఒక్కటే లేదనే అర్థం ఇవ్వదు, ‘లేదు’ తోడు కావాలి. ‘నోబడీ’కి ఆ తోడు అక్కర్లేదు. ‘నోబడీ కేమ్’ అంటే చాలు.

బడి నోటీసు రాసేటప్పుడు మాత్రం ఒక్కటి మరవకండి. ‘రావాలి’కి ‘మస్ట్ కమ్’ సరే. ‘రాకున్నా నడుస్తది’ అనడానికి ‘మస్ట్ నాట్ కమ్’ అని రాస్తే ‘రావద్దు’ అని అర్థం. ‘నీడ్ నాట్ కమ్’ అనో, ‘డోంట్ హ్యావ్ టు కమ్’ అనో రాయాలి. పేరెంట్స్ మీటింగ్‌కు ఇద్దరిలో ఒకరు వస్తే చాలని చెప్పబోయి ‘బోత్ పేరెంట్స్ మస్ట్ నాట్ కమ్’ అని రాసిన కాగితం నేనే చూశాను. ఆ రోజు ఊరి నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన ఒక తల్లి, గేటు దగ్గర దాన్ని ఎవరో చదివి చెబితే విని, లోపలికి రాకుండానే తిరిగి పోయింది.