గ్రిల్ చేసిన మాంసం పూర్తిగా మానేయాలా? నాకు తెలిసింది చెప్తాను

వారానికోసారి బొగ్గుల మీద కాల్చిన మాంసం తింటామని, పొగబెట్టిన చేప కూడా ఇష్టమని, మాడిన ముక్క తింటే క్యాన్సర్ వస్తుందని ఎవరో అనడంతో భయం పట్టుకుందని రాశారు. చివర్లో, మాటల్లో మాటగా, మీ ఆవిడకి ఇప్పుడు ఐదో నెల అన్నారు. నేను డాక్టర్‌ని కాదు. నాలుగేళ్లపాటు దాదాపు ప్రతి ఆదివారం గ్రిల్ ముట్టించినవాణ్ణి. మా నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ అని తేలాక మీరు ఇప్పుడు పడుతున్న టెన్షనే నేనూ పడ్డాను.

ముందు మీ ఆవిడ సంగతి. పొగబెట్టింది కదా, ఉడికినట్టే అనుకుంటాం. కాదు. పల్చటి పొరల్లా కోసి చల్లగా అమ్మే పొగబెట్టిన చేపని చాలావరకు 30 డిగ్రీల దగ్గరే పొగపెడతారు. అది పచ్చి చేప కిందే లెక్క. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ వేడికి చావదు, పైగా ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. మామూలు వాళ్లకి కాస్త జ్వరంతో పోవచ్చు గానీ, గర్భిణికి సోకితే గర్భస్రావం దాకా వెళ్లొచ్చు. కాన్పు అయ్యేదాకా ఆ చేపని అలాగే తిననివ్వకండి. తినాలనిపిస్తే లోపలిదాకా పొగలు కక్కేలా వేడి చేసి పెట్టండి. క్యాన్సర్ భయం కన్నా మీ ఇంట్లో ఇవాళ ముందు చూసుకోవాల్సింది ఇది.

ఇక మాడు. భయం ఉత్తదేం కాదు, దాని వెనక రెండు వేర్వేరు సంగతులున్నాయి. మాంసంలో క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది. 150 డిగ్రీలు దాటిన సెగ తగిలితే అది ప్రోటీన్లతో, చక్కెరలతో కలిసి హెటెరోసైక్లిక్ అమీన్లు అనేవి తయారవుతాయి. నిప్పే అక్కర్లేదు, బాగా కాలిన పెనం మీద కూడా ఇదే జరుగుతుంది. రెండోది పొగ వల్ల. కొవ్వు కరిగి నిప్పుల మీద పడుతుంది, చుయ్యిమని పొగ లేస్తుంది, ఆ పొగ మళ్లీ మాంసానికే పడుతుంది. అందులో పీఏహెచ్‌లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, వాటిలో బెంజోపైరీన్ ఒకటి. సిగరెట్ పొగలోనూ ఉండేది అదే. మసికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం కొత్తగా కనిపెట్టిందేం కాదు. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకి వస్తున్న క్యాన్సర్ గురించి పర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు.

అలాగని ఒక ముక్క తింటే ఇంత ప్రమాదం అని ఎవరూ లెక్క కట్టలేరు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఈ అమీన్లు క్యాన్సర్ తెప్పించాయి, కానీ వాటికి ఇచ్చిన మోతాదు మనం పళ్లెంలో తినేదానికి కొన్ని వేల రెట్లు. మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో కొన్నింట్లో సంబంధం కనబడింది, కొన్నింట్లో కనబడలేదు.

నాన్న ఆపరేషన్ అయ్యాక నేను వెళ్లి డాక్టర్‌గారిని గ్రిల్ గురించే అడిగాను. ఆయన నా ఫ్రిజ్ గురించి అడిగారు! సాసేజ్, బేకన్, సలామీ లాంటివి తింటావా అని. తినడమేంటి, రోజూ పొద్దున్న టిఫిన్ అదే. గ్రిల్ వారానికోసారి, ఇది రోజూ. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని మొదటి గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైనట్టు. పొగబెట్టి, ఉప్పేసి నిల్వ చేసే మాంసాలు ఇందులోకే వస్తాయి. సిగరెట్ కూడా అదే గ్రూపు అని కొందరు రెండింటినీ ఒకే గాటన కడతారు. అది తప్పు. ఆ గ్రూపు చెప్పేది రుజువు ఎంత గట్టిది అనే గానీ, ప్రమాదం ఎంత పెద్దది అని కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని వాళ్ల అంచనా. మామూలుగా వందలో ఐదుగురికి వచ్చే చోట దగ్గర దగ్గర ఆరుగురికి వస్తుందన్నమాట. గుండెలు బాదుకునేంత కాదు, రోజూ తినేవాడు పట్టించుకోకుండా ఉండేంతా కాదు. నేను టిఫిన్ మార్చాను, గ్రిల్ ఉంచుకున్నాను.

నాకు నిజంగా ప్రమాదం జరిగింది మాత్రం వేరే రకంగా. ఒకసారి సగం కాల్చేసరికి వాన మొదలైంది. బొగ్గుల గ్రిల్‌ని అలాగే ఎత్తి ఇంట్లోకి తెచ్చి, జల్లు కొడుతోందని కిటికీలు వేశాం. మంట లేదు, పొగ కూడా పెద్దగా లేదు. అరగంటలో నాకు తలనొప్పి, మా బావగారికి కళ్లు తిరగడం మొదలైంది. ఆకలి వల్లేమో అనుకున్నాం చూడండి! మా అక్కకి అనుమానమొచ్చి అందర్నీ బయటికి తరిమింది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిప్పులు ఎర్రగా ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుంది. మాడిన ముక్క గురించి గంటలు గంటలు చదివినవాణ్ణి, ఇది మాత్రం నా బుర్రకి తట్టలేదు. అప్పుడు ఆస్పత్రికి వెళ్లకుండా ఊరుకోవడం కూడా మా తెలివితక్కువే. బొగ్గులు మూసిన గదిలోకి ఎప్పుడూ తేకండి, గరాజ్‌లోకి కూడా.

ఇప్పుడు ఎలా కాలుస్తున్నానంటే, కొవ్వు ముందే కోసేస్తాను. మాంసాన్ని నిమ్మరసం, వెల్లుల్లి, మసాలాల్లో ఊరబెడతాను. ఇలా చేస్తే ఆ అమీన్లు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది కూడా. పెద్ద ముక్కలైతే ముందు కాస్త మైక్రోవేవ్‌లో ఉంచి, ఊరిన నీళ్లు పారబోసి, అప్పుడు గ్రిల్ మీద పెడతాను. బొగ్గులు ఒక పక్కకి తోసి, ముక్కలు ఇంకో పక్క పెడతాను, కొవ్వు నిప్పుల మీద పడదు. అస్తమానం తిప్పుతుంటాను. మాడితే ఆ మేర గీకేస్తాను. మాడుతుందన్న భయంతో చికెన్ మాత్రం పచ్చిగా దింపకండి, లోపల 74 డిగ్రీలు రావాల్సిందే. కూరగాయల్లో క్రియాటిన్ ఉండదు కాబట్టి వాటితో ఆ అమీన్ల గొడవ లేదు, బంగాళదుంప మాత్రం నల్లబడేదాకా ఉంచను, క్యాన్సర్ అనుమానం ఉన్న అక్రిలమైడ్ అనే రసాయనం పెరుగుతుంది. అన్నట్టు, గ్రిల్ దగ్గర నిలబడి పొగంతా పీల్చేది కాల్చేవాడే. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడతాను.

మీలా వారానికోసారి తినేవాళ్లని నేనైతే మానేయమనను. కానీ మీ అమ్మానాన్నలకో, తోబుట్టువులకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, గ్రిల్ సంగతి అలా ఉంచి, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎప్పుడు చేయించుకోవాలో డాక్టర్‌ని అడగండి. నాన్న సంగతి విని నాకు ఆ పరీక్ష చేస్తే రెండు పాలిప్‌లు, అంటే పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు, కనబడ్డాయి. నొప్పి లేదు, రక్తం లేదు, ఏ సూచనా లేదు. అక్కడికక్కడే తీసేశారు.